ఐదో పద్దు

జూన్ 2

నాలుగేళ్ళ కిందటి ఒక పొద్దుట గురించి రాయాలి. ఆ పొద్దుట ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అందుకే రాస్తున్నాను.

ఐదింటికి లేచాను. ప్రార్థన చేసుకున్నాను. వంటింట్లో లైటు వేసేసరికి మా చెల్లెలు అప్పటికే స్నానం చేసి, జుట్టుకి తువ్వాలు చుట్టుకుని, బల్ల మీద దుప్పటి పరిచి తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. మాకు లాండ్రీ ఉంది. ఊళ్ళోవాళ్ళ బట్టలన్నీ ఇస్త్రీ చేస్తాం. కానీ దాని కోటు ఇంకెవరినీ ముట్టుకోనివ్వదు. కాలరు దగ్గర మనవాళ్ళు గీత పడేస్తారని దాని ఫిర్యాదు. ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం దానిది. ఎముకల్లో గీతలు చూసీ చూసీ నీకు బట్టల్లో గీతలంటే కూడా పడటం లేదే అన్నాను. నీళ్ళు చిలకరించింది నా మీద.

తమ్ముడు షాపు తాళాల కోసం ఇల్లంతా తిరుగుతున్నాడు. మరదలు టిఫిన్ డబ్బాలు నాలుగూ వరసగా పెట్టి మూతలు వెతుకుతోంది. మేనకోడలికి అప్పుడు పదో తరగతి, గోడ వైపు తిరిగి ఫార్ములాలు వల్లిస్తోంది. చెల్లెలు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి తమ్ముణ్ణి పిలిచి నిలబెట్టింది. రాత్రి షట్టరు దించింది ఎవరు అని అడిగింది. నేనే అన్నాడు. ఏ చేత్తో అంది. కుడి చేత్తో అన్నాడు. మరి తాళాలు ఎడమ చేతిలో ఉండి ఉంటాయి కదా అన్నయ్యా, ఎడమ జేబులో చెయ్యి పెట్టి కోర్టువారికి చూపించు అంది. పెట్టాడు. తాళాలు. మేనకోడలు ఫార్ములా మర్చిపోయి నవ్వింది. చిన్నప్పటినుంచీ ప్రతిదానికీ ఇలాగే వాదిస్తుంది గనక దాన్ని ఇంట్లో అందరం ప్లీడరు అంటాం.

వెళ్తూ వెళ్తూ, సాయంత్రం తొందరగా వస్తాను, ఒక మాట అడగాలి, అందరూ ఉండండి అంది. సరే అన్నాను. పాలు పొంగుతున్నాయి. అటు తిరిగాను. అది చెప్పులేసుకోవడం చూడలేదు.

సాయంత్రం అడిగింది. పదకొండు రోజులకి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

ఈ నోటుబుక్కు సొసైటీ ఆఫీసులో అప్పులవాళ్ళకి సలహాలు చెప్పే కౌన్సెలరమ్మ ఇచ్చింది. నెల రోజులపాటు ఎడమ పేజీలో ప్రతి ఖర్చూ రాయాలట. తర్వాత బడ్జెట్. కుడి పేజీలో ఏం రాయాలి అని అడిగాను. ఏమీ లేదు, ఖాళీ అంది. ఖాళీ పేజీ వదలడం నాకు చేతకాదు.

జూన్ 3

పాలు, బ్రెడ్డు, బల్బు ఒకటి. తమ్ముడు చెప్పిన ఇతరములు, అరవై. ఇతరములంటే ఏమిటని నేను అడగలేదు.

జూన్ 6

సొసైటీ మేడ మీది గది. మూడు కుర్చీలు, ఒక ఫ్యాను. కౌన్సెలరమ్మకి నా ఈడే ఉంటుంది. మనిషి మెత్తన, కలం గట్టి.

తమ్ముడు మొత్తం కథ చెప్పాడు. రెండు హోటళ్ళ దుప్పట్లూ మాకే వస్తాయని నమ్మి ఆరేళ్ళ కిందట పెద్ద స్టీమ్ మెషీను కొన్నాం. ఒక హోటలు మూతపడింది. రెండోది సొంత మెషీను పెట్టుకుంది, పైగా మాకు అరవై వేలు బాకీ. మెషీను మాత్రం నెలనెలా వాయిదా అడుగుతుంది, దానికి హోటళ్ళ సంగతి తెలీదు కదండీ అన్నాడు. ఆవిడ నవ్వింది. వాడికి నవ్వించడం ఇంకా వచ్చు.

ఎవరెవరికి ఇవ్వాలో ఒక్కొక్కటే చెప్పండి, పెద్దావిడ రాస్తారు అంది. వాడు చెప్పాడు, నేను రాశాను. ఒకటి, మెషీనుకి బ్యాంకు. రెండు, వ్యానుకి ఫైనాన్సు కంపెనీ. మూడు, సబ్బులూ కెమికల్సూ ఇచ్చే కొట్టాయన, నలభై వేలు. నాలుగు, మరదలి అన్నగారు, లక్ష.

ఇంకెవరైనా ఉన్నారా అంది. లేరు అన్నాడు. ఒక్క మనిషిని వదిలేసినా మిగతా లెక్కంతా అబద్ధమవుతుంది, నిదానంగా ఆలోచించుకోండి అంది. లేరండీ అన్నాడు మళ్ళీ. నా చేతిలో కలం ఉంది.

మీకు షాపులో జీతమెంత అని నన్ను అడిగింది. ఇరవై రెండేళ్ళుగా అక్కడ బట్టల మీద మార్కింగ్ నంబర్లు రాస్తున్నాను. మా షాపే కదా, జీతమేమిటి అన్నాను. ఆవిడ కలం కిందపెట్టి నా వైపు కాసేపు చూసింది.

జూన్ 7, ఆదివారం

ప్రార్థనలో మాట రాలేదు. మోకాళ్ళ మీద ఊరికే కూర్చున్నాను.

ఇక్కడైనా రాయాలి. మెషీను కొనేటప్పుడు, మీ చేతి డబ్బు మూడు లక్షల పైన పెడితేనే మిగతాది ఇస్తాం అంది బ్యాంకు. మా చేతిలో లేదు. ప్లీడరు దగ్గర ఉంది. పదిహేడేళ్ళు ఎక్స్‌రే గదిలో ఆ బరువు సీసపు ఆప్రాను వేసుకుని నిలబడి దాచుకున్న డబ్బు. తనకంటూ ఒక గది కొనుక్కోవాలని దాని ఆశ. తూర్పున కిటికీ ఉండాలట. పగలంతా చీకటిగదిలో ఉంటాను, పొద్దుటి ఎండ ఒక్కటీ నాది కావాలి అనేది.

తమ్ముడు అడగలేకపోయాడు. నేను అడిగాను. ఆర్నెల్లు అన్నాను. కాగితం రాసుకుందామా అక్కా అంది, సగం నవ్వుతూ. మనలో మనకి కాగితాలేమిటే అన్నాను. మూడు లక్షల ఇరవై వేలు తెచ్చి నా చేతిలో పెట్టింది. వాడి చేతిలో కాదు. నా చేతిలో.

రెండేళ్ళు గడిచాయి. ఆ సాయంత్రం అడిగిన మాట ఇదే. తూర్పు కిటికీ గది దొరికింది, పది రోజుల్లో కట్టాలి అంది. తమ్ముడు వాయిదాల గురించి చెప్పాడు. ఉన్న ఇల్లుండగా గదెందుకు అన్నాడు. ఇంట్లోవాళ్ళ మధ్య అప్పులూ వసూళ్ళూ ఏమిటన్నాడు. ప్లీడరు వాడితో వాదించలేదు. నా వైపు తిరిగింది. అక్కా, నువ్వు చెప్పు. నేనిచ్చింది అప్పా, కాదా.

మనలో మనకి అప్పేమిటే అన్నాను.

అది ఇంకేమీ వాదించలేదు. అదే మొదటిసారి. గది వేరేవాళ్ళకి పోయింది.

ఇప్పుడు బస్సులో నాలుగు గంటల దూరంలో ఏదో స్కాన్ సెంటర్లో చేస్తోంది. రెండుసార్లు ఫోన్ చేశాను. తిన్నావా, ఆరోగ్యం ఎలా ఉంది అని అడిగాను. బాగున్నాను అంది రెండుసార్లూ. అది అడిగినదానికి మాత్రం నేను జవాబు మార్చలేదు. మూడోసారి చెయ్యలేదు.

జూన్ 11

బడ్జెట్ కోతలు. మేనకోడలు కాలేజీ నుంచి వస్తూనే ఆడిటరులా కూర్చుంది.

వచ్చేది ముప్పై ఎనిమిది వేలు. బ్యాంకుకీ వ్యానుకీ కలిపి పదహారు వేల ఆరు వందలు, అందులో పైసా తగ్గదు. ఇంటి ఖర్చు ఇరవై ఒక్క వేల తొమ్మిది వందలు. అంటే నెలకి అయిదు వందలు తక్కువ పడుతోంది. ఇన్నాళ్ళూ ఆ అయిదు వందలు ఎక్కడినుంచి వచ్చాయి నాన్నా అని అడిగింది. దేవుడు ఇచ్చాడన్నాడు తమ్ముడు. అత్తా, దేవుడు ఇచ్చాడా అని నన్ను అడిగింది. కెమికల్స్ కొట్టాయన ఇచ్చాడు అన్నాను.

ఇతరములు అన్న పద్దు నెలకి పద్దెనిమిది వందలయింది. మరదలు అడిగింది, ఏమండీ ఈ ఇతరములు ఎవరో, మన ఇంట్లో తింటున్నారు గానీ నేనెప్పుడూ చూడలేదు అని. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. ఇతరములు పొగ తాగుతారమ్మా అంది మేనకోడలు. ఆ పద్దు కొట్టేశాం. వాడే కొట్టేశాడు, రెండు గీతలు పెట్టి. కేబులు, బేకరీ, నా కొత్త కళ్ళజోడు, మరదలి చీటీ కూడా పోయాయి. మేనకోడలు బస్సు పాసు వదిలేసి నడుస్తానంది. నేను వద్దన్నాను. అది వినలేదు.

చివరికి నెలకి అయిదు వేలు మిగులుతుంది. కొట్టాయనకీ, మరదలి అన్నగారికీ వడ్డీ లేదు. ఇద్దరికీ కలిపి ఇస్తే ఇరవై ఎనిమిది నెలల్లో చేతిబదుళ్ళు తీరిపోతాయి. రెండేళ్ళ నాలుగు నెలలు. తమ్ముడి మొహం వెలిగింది. చాలా రోజులకి రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

నేను లేచి గిన్నెలు కడిగాను.

జూన్ 15

షాపుకి ఏదో ల్యాబ్ నుంచి తెల్లకోట్లు వచ్చాయి, పన్నెండు. మార్కింగ్ రాస్తున్నాను. ఒకటి చెల్లెలి కొలతే. చేతులు మడిచే చోట ముడతలు కూడా అక్కడే. జేబులో పెన్ను కారిన మరక. ఎవరిదో.

అది మిగతావాటితో మెషీన్లో వెయ్యలేదు. చేత్తో ఉతికాను. కాలరు దగ్గర గీత లేకుండా ఇస్త్రీ చేశాను. ఎందుకమ్మా ఒక్కదానికి అంతసేపు అని ఇస్త్రీ మేస్త్రీ అడిగాడు. మరక పోవడం లేదన్నాను.

జూన్ 19, ఉదయం 5.20

ప్రార్థన మధ్యలో లేచాను. ఎప్పుడూ అలా లేవను.

జాబితా కాగితం తీశాను. నాలుగో పద్దు కింద రాశాను. ఐదు. చెల్లెలు. మూడు లక్షల ఇరవై వేలు. చేతికి దొరికింది మార్కింగ్ పెన్ను. ఎన్ని ఉతుకులకీ పోని ఇంకు. అదీ మంచిదే.

తిరిగి వెళ్ళి ప్రార్థన ముగించాను.

జూన్ 20

సాయంత్రం తమ్ముడు చూశాడు.

ముందు నవ్వాడు. అక్కా, ఇది పొరపాటున రాశావా అన్నాడు. కాదన్నాను. అప్పుడు లేచి నిలబడ్డాడు. అది అప్పెలా అవుతుంది, ఇంటి మనిషి ఇంటికి పెట్టుకున్న డబ్బు అన్నాడు. రేపు నువ్వు నీ ఇరవై రెండేళ్ళ జీతం కూడా రాస్తావా అన్నాడు. నాది రాయను, నేనెప్పుడూ అడగలేదు, అది అడిగింది అన్నాను.

మేనకోడలు ఫోనులో లెక్క వేసింది. అయిదో పద్దు కూడా కలిపి అందరికీ వాళ్ళ వాళ్ళ వాటా ప్రకారం ఇస్తే, చిన్నత్తకి నెలకి మూడు వేల అయిదు వందలు పోతుంది. తీరడానికి తొంభై రెండు నెలలు. ఏడేళ్ళ ఎనిమిది నెలలు నాన్నా అంది, మెల్లిగా. వాడు కుర్చీలో కూలబడ్డాడు. ఏడేళ్ళకి నా మోకాళ్ళు షట్టరు ఎత్తుతాయా అన్నాడు. అది నిజం. అది విని నాకు బాధేసింది. అయినా చెరపలేదు.

మరదలు మాట్లాడుతుందనుకోలేదు. మా అన్నది రాసినప్పుడు ఎవరూ నోరెత్తలేదు, ఆయనా ఇంటి మనిషే మరి అంది. మీ అన్న సంగతి వేరు, రేపు నలుగురిలో అడుగుతాడు అన్నాడు. అడిగేవాళ్ళదే అప్పు, అడగలేక వెళ్ళిపోయినవాళ్ళది కాదన్నమాట అంది. వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చివరికి వాడు నన్నే అడిగాడు. అక్కా, మనలో మనకి అప్పేమిటని అన్నది నువ్వే కదా. నేను ఆ మాట పట్టుకునే కదా ఇన్నాళ్ళూ ఉన్నాను.

అవును. నేనే అన్నాను. తప్పన్నాను.

జూన్ 21

వాడు నాతో మాట్లాడలేదు. భోజనం షాపుకి తెప్పించుకున్నాడు.

జూన్ 22

ఈ రోజూ అంతే.

జూన్ 24

కౌన్సెలరమ్మ దగ్గరికి నేనూ మేనకోడలూ వెళ్ళాం. అయిదో పద్దు చూసి, ఈవిడేనా మీరు మొన్న రాయనిది అంది. ఆవిడకి ముందే తెలుసు.

ఇప్పుడు బ్యాంకూ ఫైనాన్సూ కాక మిగతా ఋణదాతలందరికీ ఒకే ఉత్తరం వెళ్ళాలట. మేము మీకు ఇంత ఇవ్వాలి, నెలకి ఇంత ఇవ్వగలం, అంగీకారమైతే కింద సంతకం చేసి, బ్యాంకు ఖాతా నంబరు వేసి పంపండి అని. ఇంటి యజమాని సంతకం పెట్టాలి. అంటే తమ్ముడు.

మేనకోడలు టైపు చేసింది. గౌరవనీయులైన ఋణదాతగారికి. చిన్నత్తకి కూడా ఇలాగేనా అత్తా అంది. ఇలాగే అన్నాను. చిన్నప్పుడు చెల్లెలికి జడలు వేసింది నేను. గౌరవనీయులైన అని రాయడం ఇప్పటికి కుదిరింది.

జూన్ 27

మిగతా ఉత్తరాల మీద సంతకాలయ్యాయి. ఒకటి బల్ల మీదే ఉంది. మూడు రోజులనుంచి దాని మీదే పేపరు వెయిటు.

ఈ రోజు తమ్ముడు హోటలుకి వెళ్ళాడు. మనకి రావలసినవి కూడా అడగాలని కౌన్సెలరమ్మ చెప్పింది గనక. రెండు గంటలు బయట కూర్చోబెట్టారట. మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, టీ ఇప్పించి, ఇన్నేళ్ళ పరిచయం, మనలో మనకి లెక్కలేమిటి బాబూ, ఉన్నప్పుడు చూద్దాంలే అన్నాడట.

వాడు ఇదంతా మరదలికి చెప్తున్నాడు, నేను వింటున్నాను. చెప్పడం అయిపోయింది. టీ బాగుందా అని అడిగింది మరదలు.

వాడు పేపరు వెయిటు తీసి సంతకం పెట్టాడు. కాగితం నా వైపు జరిపాడు. నా మొహం చూడలేదు. అక్కా, నువ్వేమైనా రాస్తావా అన్నాడు.

జూన్ 28, ఆదివారం

అందరికీ ఒకే ఉత్తరం వెళ్ళాలి, ఏమీ కలపకండి అంది కౌన్సెలరమ్మ. పొద్దుటినుంచి విడి కాగితాల మీద రాస్తున్నాను. మొదటిది రెండు పేజీలు వచ్చింది. అందులో నా గురించే ఎక్కువ ఉంది. చింపాను. రెండోది పద్నాలుగు లైన్లు. అందులో కన్నీళ్ళెక్కువ. చింపాను. మూడోదాంట్లో దేవుణ్ణి తెచ్చాను. ఆయన్ని సాక్షిగా పిలవడానికి నాకు హక్కు లేదు.

చివరికి ఉత్తరం అడుగున ఒక్క లైను. నువ్వడిగినదానికి జవాబు: అప్పే. ఇట్లు, అక్క.

జూన్ 29

రిజిస్టర్డ్ పోస్టు. ముప్పై అయిదు. ఎడమ పేజీలో రాశాను.

జూలై 4

రాలేదు.

జూలై 7

కెమికల్స్ కొట్టాయన సంతకం పెట్టి పంపాడు. మరదలి అన్నగారు ఫోన్ చేశారు. రిజిస్టర్డ్ పోస్టంటే కోర్టు సమనేమోనని మీ వదిన దాక్కుందే అని నవ్వారట. ఆయన తన వాటా తగ్గినందుకు ఒక్క మాట అనలేదు.

ఇంకొకటి రావాలి.

జూలై 10

పోస్టుమ్యాన్ సైకిలు బెల్లు వేరే వీధిలో మోగినా తెలుస్తోంది.

మేనకోడలు, చిన్నత్తకి మెసేజి పెట్టనా, అందిందో లేదో అడుగుతాను అంది. వద్దన్నాను. నాలుగేళ్ళు దాన్ని ఆపాం. పది రోజులు మనం ఆగలేమా.

అన్నాను గానీ, మధ్యాహ్నం షాపులో మార్కింగ్ నంబర్లు రాస్తూ రాస్తూ ఒక కాలరు మీద దాని ఫోన్ నంబరు మొదటి నాలుగు అంకెలూ రాసేశాను. అయిదో అంకె దగ్గర చూసుకున్నాను. పోని ఇంకు. ఆ చొక్కా ఆయనకి డబ్బు కట్టివ్వాలి. నూట ఎనభై. ఇతరములు అని రాశాను.

జూలై 13

దాని గొంతు గుర్తు చేసుకుందామంటే బాగున్నాను అన్న ఒక్క మాటే వినిపిస్తోంది. అంతకుముందువి రావడం లేదు. ప్రార్థనలో ఇంతకాలం ఇంటి అప్పులు తీరాలని అడిగేదాన్ని. ఈ వారం అది అడగడం మర్చిపోయాను.

జూలై 17, ఉదయం 11

వచ్చింది.

మేము పంపిన కాగితమే. దాని మీదే ఎర్ర ఇంకుతో. నేను షాపు కౌంటరు దగ్గర నిలబడే చదివాను.

మూడు లక్షల ఇరవై వేలు అన్నది కొట్టేసి మూడు లక్షల పద్దెనిమిది వేల అయిదు వందలు అని వేసింది. పక్కన కారణం: బయలుదేరిన రోజు బస్టాండులో వదిన నా చేతిలో పెట్టిన పదిహేను వందలు మినహాయించడమైనది. మరదలి వైపు చూశాను. బట్టలు మడుస్తూనే ఉంది. నాలుగేళ్ళలో ఒక్కసారైనా చెప్పలేదేమే అన్నాను. మీరెవరూ అడగలేదు వదినా అంది.

ఖాతా నంబరు వెయ్యమన్న చోట అడ్డంగా గీత. కింద షరతులు. ఒకటి, డబ్బు బ్యాంకులో వెయ్యకూడదు, మనిషి తెచ్చి చేతికివ్వాలి. రెండు, నెలకి ఒక్కరే రావాలి. మూడు, వరస ఈ విధంగా: అన్నయ్య, వదిన, మేనకోడలు, అక్క. నాలుగు, ప్రతిసారీ రసీదు ఇవ్వబడును.

నేను రాసిన లైను పక్కన రెండు మాటలు. రికార్డులో చేర్చుకోవడమైనది. ప్లీడరే.

నన్ను చివర ఎందుకు పెట్టిందో తెలియలేదు. కోపం ఇంకా ఉండొచ్చు. నా ముందు నిలబడటానికి దానికే మూడు నెలలు కావాలేమో. తమ్ముడు కాగితం తీసుకుని లోపలికి వెళ్ళాడు. బాయిలర్ దగ్గర చాలాసేపు ఉన్నాడు. ఆవిరికి కళ్ళు మండాయని చెప్పాడు.

జూలై 17, సాయంత్రం 7

అందరం కూర్చున్నాం. నిర్ణయాలు ఇవి.

షరతులు నాలుగూ ఒప్పుకున్నాం. ఆగస్టు ఒకటిన తమ్ముడు వెళ్తాడు. తన వంతు నాకిస్తానన్నాడు. వరస వరసే అన్నాను. నాది నవంబరు.

బస్సు చార్జీ, రానూపోనూ రెండు వందల ఎనభై, కొత్త పద్దు. ఆ మేరకు ఇంట్లో సాయంత్రం టీ ఉండదు.

మొత్తం వాయిదాలు తొంభై ఒకటి. నా వంతుకి ఇరవై రెండు వస్తాయి. మేనకోడలు రెండుసార్లు లెక్క చూసింది.

హోటలు డబ్బు ఎప్పుడైనా వస్తే ముందు బ్యాంకుకి, తర్వాత కొట్టాయనకి. ప్లీడరు బాకీ మాత్రం గడువుకి ఒక్క నెల ముందు కూడా తీర్చకూడదు. ఇది మరదలు రాయించింది. అందరూ సంతకం పెట్టారు.